కితాబ్ కుతుబ్ ఎట్లయ్యింది?

మన వాచ్‌మన్ తాత పొద్దున్నే ఉర్దూ పేపరు చదువుతాడు కదా, దాన్ని అఖ్బార్ అంటాడు. ఖబర్ అంటే వార్త అని మా ఆదిలాబాద్ వైపు అందరికీ తెలుసు. రెండు మాటలూ ఒకే తీరుగ ఉన్నాయేంది తాతా అని అడిగాను. "ఒకటైతే ఖబర్, చాలా అయితే అఖ్బార్. అది అరబ్బీ లెక్క బిడ్డా" అన్నాడు. చిన్నప్పుడు మదరసాలో చదివాడంట. అప్పటినుంచి ఆదివారాలు అడిగి అడిగి నోట్సులో రాసుకున్నాను.

తెలుగులో బహువచనానికి చివర 'లు' వస్తుంది. మా గోండిలో చాలా మాటలకి 'క్' వస్తుంది. కయ్ అంటే చెయ్యి, కయ్క్ అంటే చేతులు. అరబ్బీలో కూడా చివర చేర్చేవి ఉన్నాయి. ముఅల్లిమ్ అంటే సారు. సార్లు అయితే ముఅల్లిమూన్, మేడమ్‌లు అయితే ముఅల్లిమాత్. ఇది సులువే.

కష్టమంతా మిగతా వాటితోనే. కితాబ్ అంటే పుస్తకం, పుస్తకాలు అంటే కుతుబ్! చివర ఏమీ చేరలేదు. క, త, బ అట్లనే ఉన్నాయి, గుణింతాలే మారినయి. దీన్ని వాళ్ళు విరిగిన బహువచనం అంటారు. మాటని విరగ్గొట్టి మళ్ళీ కట్టినట్టు. బైత్ అంటే ఇల్లు, ఇళ్ళు బుయూత్. మస్జిద్ మసాజిద్ అవుతుంది. ఖబర్ అఖ్బార్ అయిన అచ్చులోనే కలమ్ అక్లామ్ అయ్యింది, వలద్ (పిల్లవాడు) ఔలాద్ అయ్యింది. ఇటుకల అచ్చులాగ అన్నమాట. కాని అచ్చులు చాలా ఉన్నాయి. ఏ మాట ఏ అచ్చులో పడుతుందో చాలాసార్లు చెప్పలేం, రెండూ కలిపి బట్టీ పట్టాల్సిందే. పైగా రెండు పుస్తకాలుంటే కుతుబ్ అనరాదు, కితాబాన్ అనాలి. మూడు నుంచే కుతుబ్.

నేను మూడో తరగతిలో "చెయ్యిలు కడుక్కున్నాను సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. తర్వాత చాలా రోజులు తెలుగు మాట్లాడలేదు, నీళ్ళు కావాలన్నా వేలుతో చూపించేదాన్ని. చెయ్యి చేతులు అవుతుందని, రాయి రాళ్ళు అవుతుందని మా ఇంట్లో ఎవరు చెప్తారు? అరబ్బు పిల్లలు పుట్టినప్పటినుంచి అదే భాష వింటారు, అయినా చిన్నప్పుడు ఈ విరిగే మాటలకి చివర 'ఆత్' తగిలించి తప్పు మాట్లాడతారంట. అది తెలిసిన రోజు నాకు మంచిగ నిద్ర పట్టింది.

నిన్న తాతతో "అఖ్బార్లు ఎక్కడ పెట్టినవ్?" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, బహువచనం మీద మళ్ళీ 'లు' పెట్టానని. తాత నవ్వి, "మేము ఒక్క పేపరునే అఖ్బార్ అంటున్నం గదా బిడ్డా" అన్నాడు.