ఉగ్గుపాలతో పెట్టిన రుచి

— బి.ఎస్సి. (జంతుశాస్త్రం), తృతీయ సంవత్సరం

మా హాస్టల్ మెస్సులో మంగళవారం నాడు కాకరకాయ కూర వండుతారు. ఆ పూట బల్ల దగ్గర కూచుని చూస్తే మనుషులు రెండు రకాలని తెలిసిపోతుంది. ఒకడు మారు వడ్డించుకుంటాడు. పక్కవాడు ఆ గిన్నె వంకైనా చూడకుండా నేరుగా మజ్జిగలోకి వెళ్ళిపోతాడు. అడిగితే "మా ఇంట్లో ఎవరూ తినరు" అంటాడు, అదేదో ఇంటిపేరుతో పాటు వచ్చిన ఆచారమైనట్టు.

కిందటి సంవత్సరం దాకా నేనూ దీన్ని నవ్వులాటగానే చూశాను. అయితే మా ఇంట్లో ఒక పసివాడు ముద్ద నోట పెట్టనివ్వకుండా అందరినీ కంగారు పెట్టాక, ఈ ఇష్టాయిష్టాలు ఎక్కడ పుడతాయనే ప్రశ్న నన్ను వదల్లేదు. లైబ్రరీలో చదివిందీ, మా లెక్చరర్లను అడిగి తెలుసుకున్నదీ, ఇంట్లో కళ్ళారా చూసిందీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. మగపిల్లవాడికి ఈ ఉగ్గుగిన్నె గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. ఇంకో పదేళ్ళలో మనలో చాలామంది ఇళ్ళలో ఇదే గొడవ వస్తుంది.

మా మేనల్లుడి సంగతి

మా పెద్దక్క పురిటికి మా వూరు వచ్చింది. కాన్పు సుఖంగా జరిగింది. మర్నాటినుంచి మా నాయనమ్మ పథ్యం మొదలుపెట్టింది. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, మిరియాల చారు. వంకాయ వేడి చేస్తుంది, గుమ్మడికాయ వాతం, ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలు, పళ్ళు తింటే జలుబు. ఇలా మూడు నెలలు. అక్క బాగా చిక్కిపోయింది.

పిల్లవాడికి ఆరో నెలలో అన్నప్రాసన చేశాం. పాయసం నాలుకకు రాసి, ఫోటో తీసి, అంతటితో ఆ వేడుక ముగించాం. "పళ్ళొచ్చాక వాడే తింటాడులే" అన్నారు పెద్దవాళ్ళు. పదో నెల దాకా పాలూ, పాలలో నానబెట్టిన బిస్కెట్టూ, అంతే. అప్పుడు పప్పన్నం పెట్టబోతే వుమ్మేశాడు. ఆకుకూర వాసనకే మొహం తిప్పేశాడు. కాళ్ళమీద పడుకోబెట్టుకుని, ముక్కు మూసి, బలవంతాన మింగించబోతే గుక్కపట్టి ఏడ్చాడు. ఆ తర్వాత గిన్నె చూస్తేనే ఏడుపు. మొహం పాలిపోయిందని ఆసుపత్రికి తీసుకువెళ్తే, రక్తం బాగా తక్కువగా వుందన్నారు. ఆరు నెలలు దాటాక బిడ్డకు కావలసిన ఇనుము పాలొక్కటే ఇవ్వలేవని డాక్టరుగారు మందలించారు.

ఆ రోజు అక్క ఏడుస్తూ అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "నా పెంపకంలోనే ఏదో తప్పుందంటావా?"

నాలుక తెచ్చుకున్నది కొంత, ముక్కు నేర్చుకున్నది ఎక్కువ

రుచి అని మనం అనేదానిలో రెండు భాగాలున్నాయి. తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటివి నాలుక చెప్పేవి. అది గోంగూరా, తోటకూరా అని చెప్పేది మాత్రం ముక్కు. నములుతున్నప్పుడు వాసన అణువులు గొంతు వెనకనుంచి ముక్కులోకి వెళతాయి. జలుబు చేసినప్పుడు కూరలన్నీ ఒకేలా వుండడానికి కారణం ఇదే.

నాలుక చెప్పేవాటిలో కొన్ని పుట్టుకతో వస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డ నాలుకమీద తియ్యటి నీటిచుక్క వేస్తే మొహం ప్రసన్నమవుతుంది. చేదు చుక్క వేస్తే మొహం వికారంగా పెడుతుంది. 1970లలో జేకబ్ స్టైనర్ అనే శాస్త్రజ్ఞుడు నవజాత శిశువుల ముఖకవళికలను పరిశీలించి దీన్ని చూపించాడు. ఇందులో ప్రకృతి జాగ్రత్త వుంది. తల్లిపాలు తియ్యన, చాలా మొక్కల విషాలు చేదు. చేదును పసిగట్టే శక్తి జన్యువులను బట్టి మనిషికీ మనిషికీ తేడాగా కూడా వుంటుంది. కాబట్టి మెస్సులో మజ్జిగలోకి పారిపోయేవాణ్ణి మరీ ఎక్కువ నిందించకూడదు.

కాని వాసనల సంగతి వేరు. అందులో నేర్చుకునేది ఎక్కువ. ఆ చదువు తల్లి కడుపులోనే మొదలవుతుంది.

కడుపులోనే తొలి పాఠం

గర్భంలోని శిశువు వుమ్మనీటిలో తేలుతూ వుండడమే కాదు, దాన్ని మింగుతూ వుంటుంది. నెలలు నిండే సమయానికి రోజుకు అర లీటరుకు పైగానే మింగుతుంది. తల్లి తిన్న ఆహారంలోని వాసన పదార్థాలు కొన్ని రక్తంలో చేరి, అక్కడినుంచి ఆ నీటిలోకి వస్తాయి. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థలో జూలీ మెన్నెల్లా, ఆమె సహచరులు గర్భిణులకు వెల్లుల్లి గుళికలు ఇచ్చి, తర్వాత వుమ్మనీటిని వాసన చూపించి ఈ సంగతి నిరూపించారు. ఇది 1995 నాటి మాట.

2000లో ఫ్రాన్స్‌లో బెన్వా షాల్ బృందం మరో మెట్టు ఎక్కింది. సోపు వాసన వుండే ఏనిస్ గింజ అక్కడి తినుబండారాల్లో వాడతారు. గర్భంతో వుండగా అది తిన్న తల్లుల బిడ్డలు పుట్టిన కొద్ది గంటల్లోనే ఆ వాసన వైపు మొగ్గు చూపారు. తినని తల్లుల బిడ్డలు మొహం చిట్లించడమో, పట్టించుకోకపోవడమో చేశారు. ఇంకా ఒక్కసారైనా పాలు తాగని బిడ్డకు ఒక వాసన "మనది" అని తెలిసిందంటే, అది కడుపులో నేర్చుకున్నదే కావాలి. జంతువుల్లోనూ ఇంతే. తల్లి కుందేలుకు జునిపర్ అనే మొక్క కాయలు మేపితే, పాలు మాన్పించే వేళకు పిల్లలు అదే మేతను కోరుకుంటాయని 1994లో గమనించారు.

పాలలో వచ్చే కూరలు

రైతుబిడ్డలకు ఈ భాగం కొత్తేమీ కాదు. గేదె వుల్లికాడలు మేసిన పూట పాలు వాసనేస్తాయని మా అమ్మ గిన్నె మూత తీయగానే చెప్పేస్తుంది. అందుకే ఘాటు మేత ఏదైనా పాలు పితికాకే వేస్తాం, ముందు వెయ్యం. గేదెకు వర్తించే ఈ సూత్రం తల్లికీ వర్తిస్తుందని మనకెందుకో తట్టదు.

1991లో మెన్నెల్లా బృందమే దీన్ని పరీక్షించింది. పాలిచ్చే తల్లులు వెల్లుల్లి మింగాక రెండు గంటల ప్రాంతంలో పాల వాసన బాగా హెచ్చింది. బిడ్డలు రొమ్ము వదిలేస్తారనుకుంటే, మామూలుకంటే ఎక్కువసేపు పట్టుకుని తాగారు! తర్వాత 2001లో వచ్చిన క్యారెట్ ప్రయోగం చాలా పేరు పొందింది. కొందరు తల్లులు గర్భం చివరి నెలల్లో, కొందరు పాలిచ్చే తొలి నెలల్లో, వారానికి నాలుగు రోజుల చొప్పున మూడు వారాలు, రోజుకు 300 మిల్లీలీటర్ల క్యారెట్ రసం తాగారు. మూడో జట్టు రెండు సమయాల్లోనూ నీళ్ళే తాగింది. తర్వాత బిడ్డలకు క్యారెట్ రసం కలిపిన జావ పెట్టారు. మొదటి రెండు జట్ల బిడ్డలు మామూలు జావకంటే దానికి తక్కువగా మొహం చిట్లించారు. మూడో జట్టు బిడ్డల్లో ఆ తేడా కనబడలేదు.

డబ్బా పాలు రోజూ ఒకే రుచి. తల్లిపాలు తల్లి విస్తరిని బట్టి మారే రుచి. 1994లో సలివాన్, బర్చ్ అనేవారు జరిపిన పరిశీలనలో, పదిసార్లు కూరగాయ రుచి చూపించాక, తల్లిపాలు తాగే బిడ్డలు డబ్బాపాల బిడ్డలకంటే ఎక్కువగా తిన్నారు. రుచి మారడం అలవాటైన నోరు కొత్త రుచికి అంతగా బెదరదన్నమాట.

ఓపికే మందు

ఇక ఘనాహారం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఏమిటంటే, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే. ఆ తర్వాత పాలు కొనసాగిస్తూనే రకరకాల ఆహారం మొదలుపెట్టాలి. మన అన్నప్రాసన కూడా సరిగ్గా ఆ వేళకే పెట్టారు పెద్దలు. మనం చేసే పొరపాటు, దాన్ని ఒక్కరోజు పండుగగా ముగించడం. (తేనె నాకించే అలవాటు మాత్రం మానాలి. ఏడాది లోపు బిడ్డలకు తేనెవల్ల బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు.)

తల్లులు మామూలుగా ఏం చేస్తారు? రెండు మూడుసార్లు పెట్టి, వుమ్మేస్తే "వీడికి ఇది పడదు" అని తేల్చేస్తారు. 2007లో ఫ్రాన్స్, జర్మనీలలో తల్లులను తమ ఏడు నెలల పిల్లలు వద్దన్న కూరగాయను ఎంచుకోమని, దాన్ని రోజు విడిచి రోజు ఎనిమిదిసార్లు పెట్టమన్నారు. ఎనిమిదో సారికి నూటికి డెబ్బైమందికి పైగా పిల్లలు, ఇష్టమైన కూర ఎంత తిన్నారో అదీ అంతే తిన్నారు. తొమ్మిది నెలల తర్వాత అడిగితే, అరవైమందికి పైగా ఇంకా ఇష్టంగానే తింటున్నారట. కాబట్టి బిడ్డ మొహం చిట్లించడాన్ని "కొత్తగా వుంది" అని అర్థం చేసుకోవాలి, "వద్దు" అని కాదు. రెండేళ్ళ వయసు దాటాక కొత్త తిండిని చూసి భయపడే గుణం పెరుగుతుంది. అందుకే దానికి ముందున్న నెలలు విలువైనవి.

ఎలా పెడుతున్నామన్నదీ ముఖ్యమే. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని నల్గొండ జిల్లాలో 60 గ్రామాల్లో, 600 మంది తల్లీబిడ్డలతో ఒక పెద్ద పరిశీలన జరిపి 2013లో ప్రకటించారు. బిడ్డ మూడో నెలనుంచి పదిహేనో నెలదాకా ఇంటికి వెళ్ళి, ఏం పెట్టాలో కొందరు తల్లులకు చెప్పారు. మరికొందరికి దాంతోపాటు, బిడ్డ ఆకలి సైగలు గమనిస్తూ, బలవంతపెట్టకుండా, కబుర్లు చెబుతూ ఎలా పెట్టాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పారు. చెప్పించుకున్న రెండు జట్ల బిడ్డలూ మామూలు జట్టుకంటే బాగా తిన్నారు. రెండో జట్టు బిడ్డల మానసిక వికాసం కూడా మెరుగ్గా వుంది. ఇందులో మందూ లేదు, యంత్రమూ లేదు, కేవలం మాట సాయం.

నాయనమ్మతో వాదన

సెలవులకు వెళ్ళినప్పుడు ఇవన్నీ నాయనమ్మకు చెప్పాను. "ఫ్రాన్సు సంగతులు నాకెందుకురా" అంది. అప్పుడు గేదె సంగతి ఎత్తాను. "వుల్లికాడలు మేస్తే పాలు వాసనొస్తాయని నువ్వేగా అంటావు? మరి అక్క తిన్నది పాలలోకి రాదా?" కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే అంది: "నేను మీ నాన్నను కన్నప్పుడు నాకు పథ్యం పెట్టేవాళ్ళెవర్రా? పదిహేనో రోజుకల్లా మిరపచేలో వున్నా. ఏది వుంటే అది తిన్నా." మా నాన్న తినని కూర లేదు. ఒక్క మనిషిని చూసి సిద్ధాంతం కట్టకూడదని మా లెక్చరర్లు చెప్పారు గనుక దీన్ని రుజువుగా చూపించను. కాని ఆ మాట అన్నాక నాయనమ్మ తనే పాలకూర కోసుకువచ్చింది.

డాక్టరుగారిచ్చిన ఇనుము చుక్కలు మానలేదు. వాటితోపాటు అక్క మెత్తగా మెదిపిన పాలకూర పప్పు రోజు విడిచి రోజు పెట్టింది. పాల లెక్కకు గీసినట్టు వంటింటి గోడమీద బొగ్గుతో గీతలు గీసింది. వద్దంటే గిన్నె తీసేసేది, ముక్కు మూయడం లేదు. అందరి మధ్యా కూచోబెట్టి, మేం తింటూ వాడికీ పెట్టేవాళ్ళం. తొమ్మిదో గీత నాడు నోరు తెరిచాడు. ఇంకో రెండు నెలలకు రక్తం పరీక్ష బాగుందన్నారు. గుమ్మడికాయ మాత్రం నేటికీ వుమ్మేస్తాడు. గీతలు పద్నాలుగయ్యాయి, అక్క ఇంకా గీస్తూనే వుంది.

అక్క అడిగిన ప్రశ్నకు నేను తెలుసుకున్న జవాబు ఇది. తప్పు ఆమెది కాదు. మూడు నెలలు ఒకే కూటిమీద వుంచింది ప్రేమతోనే అయినా మేము. బాలింతకు కడుపునిండా, ఆకుకూరా పప్పూ పళ్ళూ కలిపి పెడితే ముందు ఆమె కోలుకుంటుంది. పాల ద్వారా బిడ్డకు ఆ ఇంటి వంటతో పరిచయమవుతుంది. వైద్యులు ప్రత్యేకంగా వద్దన్నవి తప్ప, ఆమె విస్తరిలోంచి తీసివేసే ముందు ఎందుకని అడగాలి. ఆ మాట అడగవలసినవాళ్ళు ఆమె తమ్ముళ్ళూ, భర్తలూ, అంటే ఈ సంచిక చదువుతున్న మనం కూడా.

ఇక మంగళవారం మెస్సులో మజ్జిగలోకి పారిపోయే మిత్రుడికి ఒక మాట. నీకు ఇంకా వయసు మించిపోలేదు. ఒక్కొక్క ముక్క చొప్పున తిని చూడు. గీతలు నేను గీస్తాను.