లోడు లాగేది... డీజిలా? గ్యాసా?

అమెరికాలో పడవ లాగాలన్నా, చిలమత్తూరులో టమాటా మోయాలన్నా ప్రశ్న ఒక్కటే. జవాబు మాత్రం షోరూములో దొరకదు. మన లోడులో, మన దారిలో దొరుకుతుంది.

శనివారం వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల రోడ్ల మీద ఒక దృశ్యం మామూలే. ముందు పికప్ ట్రక్కు, దాని వెనక చక్రాల ట్రెయిలర్, ఆ ట్రెయిలర్ మీద తెల్లగా మెరిసే పడవ. కుటుంబం మొత్తం చెరువు దారి పట్టి ఉంటుంది. ఆ పికప్ కొనేముందు ఆ ఇంట్లో కనీసం నెల రోజులు చర్చ జరిగి ఉంటుంది. గ్యాసా? డీజిలా?

చిలమత్తూరులో పడవలు లేవు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమలో పడవకు పనేముంది? కానీ ఆ చర్చ మాత్రం ఇక్కడి అరుగుల మీదా జరుగుతోంది. పాత బండి మూలన పడింది. కొత్తది కొనాలి. అప్పు ఎటూ తప్పదు. నాలుగైదేళ్లు నెలనెలా కంతు కట్టాలి. డీజిల్ బండే మేలని నాన్న, ఇప్పుడంతా గ్యాసేనని కొడుకు. మధ్యలో అమ్మ అడిగే ప్రశ్నే అసలైనది... ‘కంతు కట్టినాక చేతిలో ఎంత మిగులుతుంది?’

ఆ గ్యాసు వేరు... ఈ గ్యాసు వేరు

ముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. అమెరికాలో గ్యాస్ అంటే గ్యాసొలిన్... అంటే మన పెట్రోలే. మన దగ్గర బండికి గ్యాస్ అంటే సీఎన్‌జీ, ఒత్తిడితో సిలిండర్‌లో కుక్కిన సహజవాయువు. రెండూ వేర్వేరే అయినా ఇంజిన్ పనితీరులో మాత్రం చుట్టాలు. రెండింటికీ స్పార్క్ ప్లగ్ నిప్పు అంటించాల్సిందే.

డీజిల్‌కు ఆ అవసరం లేదు. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పదహారో వంతుకో, అంతకన్నా తక్కువకో నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి అయిదు వందల డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి డీజిల్ చిమ్మగానే దానంతటదే భగ్గుమంటుంది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన సూత్రం ఇదే. ఇంత ఒత్తిడి తట్టుకోవాలంటే ఇంజిన్ గట్టిగా, బరువుగా ఉండాలి. అందుకే ఖరీదెక్కువ. అందుకే, చక్రం నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా బలమెక్కువ. ఆ తిరుగుడు బలాన్నే టార్క్ అంటారు. ఆగి ఉన్న బరువును కదిలించేదీ, ఎత్తు ఎక్కించేదీ అదే.

అమెరికా బండ్లతోనే పోల్చి చూద్దాం. ఫోర్డ్ కంపెనీ 2020లో తెచ్చిన సూపర్ డ్యూటీ పికప్‌లో పెద్ద పెట్రోల్ ఇంజిన్ 430 హార్స్‌పవర్, డీజిల్ ఇంజిన్ 475. పెద్ద తేడా లేదు. కానీ టార్క్ దగ్గరికొచ్చేసరికి డీజిల్‌ది పెట్రోలుకు రెట్టింపు పైనే! అయితే ఆ డీజిల్ ఇంజిన్ కావాలంటే అదనంగా సుమారు పది వేల డాలర్లు పెట్టాలి. ఏడాదికి పదిసార్లు చిన్న పడవను చెరువుకు తీసుకెళ్లేవాడికి ఆ డబ్బు ఏనాటికి తిరిగొస్తుంది? రోజూ బరువు లాగేవాడికైతే వస్తుంది. ‘నీ పడవ బరువెంత, ఏడాదికి ఎన్నిసార్లు లాగుతావ్?’ అని అక్కడి అనుభవజ్ఞులు ముందుగా అడిగేది అందుకే.

అదే ప్రశ్నను చిలమత్తూరులో వేసి చూద్దాం.

టమాటాకు ఒక లెక్క

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కాసేపట్లో కర్ణాటకలోని బాగేపల్లి. అక్కడి నుంచి చిక్కబళ్లాపురం, ఆపైన బెంగళూరు. మొత్తం సుమారు వంద కిలోమీటర్లు. హిందూపురం సముద్రమట్టానికి దాదాపు 620 మీటర్ల ఎత్తులో ఉంటే, బెంగళూరు 920 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే నిండు లోడుతో ఎక్కుడు, ఖాళీ బండితో దిగుడు! కంటికి ఆనదు కానీ ఇంజిన్‌కు తెలుస్తుంది.

టాటా ఇంట్రా బండ్లనే తీసుకుందాం. అందులో వీ30 డీజిల్ మోయగల బరువు కంపెనీ లెక్క ప్రకారం 1,300 కిలోలు. 2022లో వచ్చిన వీ20 గ్యాసు మీదా, పెట్రోలు మీదా నడుస్తుంది. అది మోసేది 1,000 కిలోలు. టార్క్ డీజిల్‌ది 140 న్యూటన్ మీటర్లయితే, గ్యాసు మీద దాదాపు 95.

ఇప్పుడు ఒక ఉదాహరణ. డీజిల్ లీటరు 91 రూపాయలు, లోడుతో 14 కిలోమీటర్ల మైలేజీ అనుకుందాం. కిలోమీటరుకు ఆరున్నర రూపాయలు. గ్యాసు కిలో 90 రూపాయలు, మైలేజీ 17 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు అయిదు రూపాయల ముప్ఫై పైసలు. రోజుకు రానూపోనూ 200 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగితే గ్యాసు బండికి నెలకు సుమారు ఆరు వేలు మిగులుతాయి. కొడుకు గెలిచినట్టే!

ఆగండి. డీజిల్ బండి ట్రిప్పుకు 300 కిలోలు ఎక్కువ మోస్తుంది. పదిహేను కిలోల టమాటా పెట్టెలైతే ఇరవై. పెట్టెకు పదిహేను రూపాయల బాడుగ వేసుకున్నా ట్రిప్పుకు మూడు వందలు... నెలకు ఏడున్నర వేలు! గ్యాసుతో మిగిలిందాని కన్నా ఎక్కువ. నాన్న గెలిచాడు.

ఈ అంకెలు రేపు మారతాయి. మీ బంకు ధర, మీ బాడుగ వేసుకుని మీరే కట్టి చూసుకోవాలి. లెక్క కట్టే పద్ధతి మాత్రం మారదు. బండి నిండా లోడు దొరుకుతుందా లేదా అన్నదే తేల్చేది.

పట్టుగూళ్లకు మరో లెక్క

లోడు అంటే బరువొక్కటే కాదు. ఈ ప్రాంతంలో పట్టు రైతులున్నారు. హిందూపురం గూళ్ల మార్కెట్ పక్కనే. శిడ్లఘట్ట, రామనగర మార్కెట్లు కర్ణాటకలో. పట్టుగూళ్లు బండి నిండా పోసినా తూకానికి పెద్దగా రావు. వాటికి కావాల్సింది బలం కాదు, సమయం. లోపలి పురుగు చిలుకై గూడు చీల్చుకుని బయటికి వచ్చిందంటే దారం తెగిపోయినట్టే. పూల లోడూ అంతే. తేలిక సరుకు, తెల్లారేసరికి మార్కెట్‌లో ఉండాలి.

అలాంటప్పుడు 300 కిలోల అదనపు సామర్థ్యం అలంకారమే. ఇక్కడ గ్యాసు బండి మిగిల్చే ఆరు వేలూ అచ్చంగా మిగులే. ఊళ్లోనే పాలక్యాన్లు, కిరాణా సరుకులు చేరవేసే బండికైతే డీజిల్ అక్కర్లేకపోగా కొన్నిసార్లు తలనొప్పి కూడా. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. చాలా డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటోంది. పట్టిన మసి కాలిపోవాలంటే ఇంజిన్ కాసేపు వేడిగా, నిలకడగా నడవాలి. రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి ఆగే బండిలో ఆ ఫిల్టరు పూడుకుపోతుంది. డీజిల్ ఇంజిన్‌కు దూరాలు తిరగడమే ఆరోగ్యం.

కంపెనీల ధోరణిలోనూ ఈ మార్పు కనిపిస్తోంది. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు అది రెండు సిలిండర్ల డీజిల్ బండి. జనం ముద్దుగా ‘ఛోటా హాథీ’ అన్నారు. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రో పెట్రోలు, గ్యాసు, కరెంటు రకాల్లోనే దొరికింది. డీజిల్ లేదు! అలాగని డీజిల్ రోజులు అయిపోలేదు. అదే ఏడాది సెప్టెంబరులో డీజిల్‌తో ఏస్ గోల్డ్ ప్లస్ కూడా తెచ్చారు. రెండు రకాల లోడులూ ఉన్నాయి కనుక రెండు రకాల బండ్లూ ఉంటాయి.

అక్కడ పడవ... ఇక్కడ నీళ్లు

మోయడం వేరు, లాగడం వేరు. మన దగ్గర పికప్‌లు మోస్తాయి. లాగే పని ట్రాక్టరుది. ఎండాకాలం బోర్లు ఎండితే ఊళ్లోకి వచ్చేది ట్రాక్టరు వెనక నీళ్ల ట్యాంకరే. అయిదు వేల లీటర్ల ట్యాంకరంటే నీళ్ల బరువే అయిదు టన్నులు. ట్యాంకు ఇనుము అదనం. పైగా సగం నిండిన ట్యాంకులో నీళ్లు అటూఇటూ ఊగి బండిని తోస్తాయి. అమెరికాలో నీళ్ల మీద తేలే పడవను లాగుతారు. కరవు సీమలో నీళ్లనే లాగుతారు!

ఈ పనిలో డీజిల్‌కు ఇప్పటికీ ఎదురులేదు. డీజిల్ ట్రాక్టరును సీఎన్‌జీకి మార్చి 2021 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఆవిష్కరించారు. కానీ పొలానికి గ్యాసు బంకు రాదు. డీజిల్ అయితే క్యానులో తెచ్చి పోసుకోవచ్చు. గ్యాసును 200 బార్ల ఒత్తిడితో సిలిండర్‌లో నింపాలి. దాన్ని క్యానులో పట్టుకొచ్చే వీలే లేదు.

పికప్‌కైనా ఇదే మాట. దారిలో గ్యాసు బంకులు ఎక్కడున్నాయి, అక్కడ వరుస ఎంతసేపు పడుతుంది అన్నది కొనకముందే ఒకసారి తిరిగి చూడాలి. మార్కెట్ తెరిచే వేళకు వరుసలో నిలబడితే మిగిలిన గ్యాసు డబ్బులు ధరలో పోతాయి. డీజిల్‌కు ఇక్కడ ఇంకో సరిహద్దు సౌకర్యం ఉంది. కొన్నేళ్లుగా ఆంధ్రా బంకుల కన్నా కర్ణాటక బంకుల్లో లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. రోజూ బాగేపల్లి మీదుగా పోయే బండికి అది చిన్న లాభమేమీ కాదు.

కొనేముందు ఇవి చూసుకోండి

● మూడు టన్నుల గీత: బండి, లోడు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనాలకు మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. చిన్న పికప్‌లు చాలావరకు ఈ గీతలోపే ఉంటాయి. కొంచెం పెద్దది కొంటే దాటొచ్చు. రాష్ట్రం దాటి తిరిగేవారు ఆర్‌సీలోని అంకె చూసుకోవాలి.

● లైసెన్సు: మొత్తం బరువు 7,500 కిలోలలోపు ఉండే రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది.

● అధిక లోడు: డీజిల్‌కు బలముంది కదా అని రెట్టింపు ఎక్కించొద్దు. 2019 చట్ట సవరణతో జరిమానా 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకూ మరో 2,000. ఇంజిన్ లాగినంత మాత్రాన బ్రేకులు ఆపలేవు.

● గ్యాసు సిలిండర్: మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. బయట కిట్ వేయిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. లేదంటే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కే.

● నెల రోజుల పుస్తకం: పాత బండి ఉంటే నెలపాటు రోజూ మూడు అంకెలు రాయండి... ఎన్ని కిలోలు మోసింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, తిరుగు ప్రయాణంలో లోడు దొరికిందా లేదా. పాత బండి లేకపోతే బాడుగకు పెట్టిన బండ్ల లెక్క రాసినా చాలు.

నెలాఖరుకు ఆ పుస్తకం అమ్మ చేతికివ్వండి. పెట్టెలు బరువై, దారి పొడవైతే నాన్న మాట నెగ్గుతుంది. సరుకు తేలికై, దారిలో గ్యాసు బంకు ఉంటే కొడుకు మాట నెగ్గుతుంది. ఎవరు నెగ్గినా ఫర్వాలేదు. ఒకటో తారీఖున కంతు కట్టినాక ఇంట్లో నాలుగు డబ్బులు మిగలాలి... అంతే!