నిర్వచనములు మాఱినప్పుడు

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు ప్రతి పనిని తామే మొదటినుండి చేసికొనరు. ఇతరులు వ్రాసి యుంచిన భాగములను లైబ్రరీలనుండి గైకొని వాడుకొందురు. ఒక ప్రోగ్రాము మఱియొక దానితో సమాచార మిచ్చి పుచ్చుకొను ఏర్పాటునకు ఏ.పి.ఐ. యని పేరు. అట్లు వచ్చు సమాచారములో ఏది పూర్ణసంఖ్యయో, ఏది అక్షరముల వరుసయో, ఏది తప్పక యుండవలెనో ముందుగా తెలుపునవి నిర్వచనములు. లైబ్రరీ క్రొత్త కూర్పులో నిర్వచనముల అర్థము మాఱినచో, నిన్నటి వరకు నడచిన ప్రోగ్రాము నేడు నిలిచిపోవును. అప్పుడేమి చేయవలెనో ఒక ఉదాహరణముతో వివరింప బూనితిమి.

పైథాన్ భాషలో సమాచారమును సరిచూచుటకు పైడాంటిక్ అను లైబ్రరీ ప్రసిద్ధము. దాని రెండవ కూర్పు 2023 జూన్ 30వ తేదీన వెలువడెను. మార్కుల పట్టిక నొకదానిని తలంతము. మార్కులు పూర్ణసంఖ్య యని నిర్వచించిన చోట 34.5 అను సంఖ్య వచ్చినదనుకొందము. మొదటి కూర్పు అరమార్కును తీసివైచి, 34 అని గ్రహించి మిన్నకుండెడిది. రెండవ కూర్పు దాని నంగీకరింపక దోషమని తెలుపును, 34.0 వచ్చినచో మాత్రము 34గా గైకొనును. ఆ అరమార్కు విలువ యెంతటిదో విద్యార్థుల కెఱుకయే కదా!

ఆప్షనల్ అను మాట విషయమునను ఇట్టి మార్పే కలిగినది. మొదటి కూర్పులో ఆ మాటతో నిర్వచించిన అంశము అసలే రాకున్నను చెల్లెడిది. రెండవ దానిలో అంశము యొక్క విలువ శూన్యముగా నుండవచ్చును గాని, అంశము వచ్చియే తీరవలెను. రాకున్నను చెల్లవలెనన్నచో, నన్ అను శూన్యవిలువను నిర్వచనము ప్రక్కనే వ్రాయవలెను.

కావున లైబ్రరీని మార్చువారు కొన్ని నియమముల ననుసరించుట మేలు. కూర్పుసంఖ్యలో మొదటి అంకె మాఱినదేమో ముందు చూడవలెను; పాత ప్రోగ్రాములను చెఱుపగల మార్పులను ఆ అంకెతో సూచించుట వాడుక. పిమ్మట మార్పుల పట్టికను చదువవలెను. లైబ్రరీ మార్పును ఇతర మార్పులతో కలుపక వేఱుగా చేసి, పరీక్షలు నడపవలెను. ప్రోగ్రాము పెద్దదైనచో భాగము వెంట భాగము మార్చుకొనవచ్చును. ఇందులకే పైడాంటిక్ వారు రెండవ కూర్పులోనే పాతదానిని వి1 అను పేర చేర్చి యుంచిరి.

దోషములు కనబడగానే, ఏది వచ్చినను చెల్లునని అర్థమిచ్చు ఎనీ అను మాట వ్రాసి వానిని అణచుట కొందఱికి సులభముగా తోచును. అది కావలివానిని నిద్రపుచ్చుట వంటిది. ప్రతి దోషమునొద్దను నిలిచి, ఇచ్చట నిజముగా రావలసిన దేమని విచారింపవలెను. అరమార్కులు చెల్లునవైనచో నిర్వచనమును దశాంశసంఖ్యగా దిద్దవలెను. చెల్లనివైనచో అవి పుట్టిన చోటనే సరిచేయవలెను. మఱియు నింతకుముందే నమోదైన పట్టికలను తిరిగి చూచుట మఱువరాదు. క్రొత్త కూర్పు నేడు చూపిన తప్పు, ఏండ్ల తరబడి నిశ్శబ్దముగా జరుగుచు వచ్చినదే కావచ్చును.