పాత ఆటగాండ్ర బొమ్మకార్డుల వేలము



చింతతోపు వేలమునకో, చెరువు చేపల పాటకో మీలో పెక్కురు వెళ్లియేయుందురు. ముందుగా తోపులో తిరిగి కాపు చూచుకొందురు. ఇంతకు మించి పాడరాదని మనసున నొక యంకె నిలుపుకొందురు. నేను అమెరికాలో మా కుమారుని యింట నున్నప్పుడు, సరకు చూడకయే, అంకెమీద నిలువకయే ఒక పాట పాడితిని. అదియు అరచేతిలో నిముడు నొక యట్టముక్క కొఱకు.

అచ్చట బేస్‌బాల్ అను బంతియాట జనులకు మిక్కిలి ప్రియమైనది. 1909 మొదలు 1911 వఱకు ఒక పొగాకు కంపెనీవారు సిగరెట్టు పెట్టెలలో ఆటగాండ్ర రంగుబొమ్మల కార్డులు పెట్టి యమ్మిరి. వెడల్పు సుమారు ఒకటిన్నర అంగుళము, పొడవు రెండున్నరకు పైచిలుకు. ఐదువందలకు పైబడిన ఆ రకములలో హోనస్ వాగ్నర్ అను నాతని కార్డు మిక్కిలి అరుదు. తన బొమ్మ వేయవలదని ఆతడు పట్టుపట్టుటచే దాని ముద్రణ త్వరలోనే ఆగెను. పొగాకుతోపాటు తన బొమ్మ పిల్లల చేతికి పోవుట ఆతని కిష్టము లేదని కొందఱు, సొమ్ము ముట్టలేదని కొందఱు చెప్పుదురు. అట్టి కార్డొకటి 2021లో వేలమున 66 లక్షల డాలర్లు పలికెను. 1952 నాటి మికీ మాంటిల్ కార్డొకటి 2022లో 126 లక్షలకు పోయెను. ఆ 1952 నాటి కార్డులలో అమ్ముడుపోని వానిని 1960లో పడవకెత్తి సముద్రమున పాఱబోయించితినని ఆ కంపెనీ యుద్యోగియే చెప్పెను!

వెల యంతయు కార్డు స్థితిని బట్టియే. మూలలు, అంచులు, పైభాగము, బొమ్మ సరిగా నడుమ నున్నదా లేదా యనునది పరీక్షించి, ఒకటి మొదలు పది వఱకు అంకె వేసి, గట్టి పెట్టెలో మూసి యిచ్చు సంస్థలు కలవు. పాట కంప్యూటరు మీద నడచును. మన పైమొత్తము ముందే తెలిపినచో, ఎదుటివారు హెచ్చించినపుడెల్ల అంతవఱకు యంత్రమే మన పేర పాడును. గడువు ముగియు వేళ నెవరైన పాడినచో గడువు పొడిగించుట పెక్కు వేలములలో నాచారము. గెలిచిన పాటపై నూటికి ఇరువది వఱకు రుసుము వేఱుగా పడుటయు కలదు.

నేను నూఱు డాలర్లని యనుకొంటిని. రాత్రి పదునొకండు గంటలకు ఎవరో నూటపది యనిరి. ముఖమైన నెఱుగని యా మనిషితో నాకేమి పంతము? ఐనను వచ్చెను. నూటయెనుబదికి కార్డు నాదైనది. రుసుముతో 216, తపాలా కర్చు పైన.

అది అంకె వేయని కార్డు. పరీక్షకు పంపగా, అంచు కత్తిరింపబడినదని చెప్పి అంకె వేయకయే త్రిప్పి పంపిరి. అరిగిన యంచును కత్తితో సవరించిన, చూపునకు క్రొత్తదివలె నుండును. వెల మాత్రము కూలిపోవును. బొమ్మలో నేను ముచ్చటపడినది ఆ పదునైన యంచునకే! పేరుపడిన వాగ్నర్ కార్డు నొకదానిని ఇట్లే కత్తిరించితినని, వేలములు నడపిన వ్యాపారి యొకడు 2013లో న్యాయస్థానమున నొప్పుకొనెను. తన వేలములలో దొంగపాటలు సాగినవనియు నొప్పుకొనెను. తోపు వేలమున సొంతదారుని బావమఱది గుంపులో నిలిచి పాట హెచ్చించిన, మీరు మొగము చూచి పోల్చుకొందురు. అచ్చట మొగమే లేదు.

ఇప్పుడు నేను పాడుటకు ముందు, అట్టి కార్డు లోగడ ఏ ధరలు పలికెనో వెదకి చూచెదను. కార్డు కొలత యడిగి తెలిసికొందును. రుసుము కలుపుకొనియే నా యంకె వ్రాసి, యంత్రమున కొప్పగించి పండుకొందును. ఆ తరువాత రెండు పాటలు పోయినవి. నిద్ర మాత్రము పోలేదు.

కత్తిరించిన కార్డును మా మనుమడు చదువు పుస్తకములో పుటగుర్తుగా పెట్టుకొనియున్నాడు.