సూర్యలంక గురించి మావయ్య రాసిన ఉత్తరాలు

సూర్యలంక అంటే మనలో చాలామందికి బీచ్. ఆదివారం బైకులేసుకుని వెళ్ళి, తడిసి, ఫొటోలు దిగి వచ్చే చోటు. ఆ పక్కనే ఎయిర్ ఫోర్స్ స్టేషన్ ఉంది, వాయుసేన తన గగనతల రక్షణ మిస్సైళ్ళని ప్రయోగించి చూసుకునేది అక్కడే. 2020 చివర్లో ఆకాశ్, భుజం మీద పెట్టి కాల్చే ఇగ్లా, రెండూ అక్కడ ప్రయోగించారు. 2023 డిసెంబర్‌లో అస్త్రశక్తి అనే విన్యాసంలో ఒకే ఆకాశ్ ఫైరింగ్ యూనిట్ నాలుగు టార్గెట్లని ఒకేసారి కొట్టింది. 25 కిలోమీటర్ల దూరంలో కమాండ్ గైడెన్స్‌తో ఇలా చేసి చూపించిన మొదటి దేశం మనదేనని డీఆర్‌డీఓ ప్రకటించింది. పాత రష్యన్ ఎయిర్-టు-ఎయిర్ మిస్సైళ్ళని నేలమీద నుంచి వదిలేలా వాయుసేన తయారుచేసుకున్న సమర్ కూడా అదే విన్యాసంలో పరీక్షకి వచ్చింది. (నాకు వీటన్నిటిలోకీ సమర్ అంటే ఇష్టం. పాత ల్యాప్‌టాప్‌ని సర్వర్ చేసుకున్నట్టు ఉంటుంది.)

ఇంత మన పక్కనే జరుగుతుంటే, దీన్ని పిచ్చిగా ఫాలో అయ్యేవాళ్ళు కూడా మన పక్కనే ఉంటారు కదా. రేపల్లెలో ఎలక్ట్రికల్ షాపు నడిపే మా మావయ్య అలాంటివాడు. డిఫెన్స్ గురించి పదేళ్ళుగా చదువుతున్నాడు, నోట్‌బుక్కులు నింపుతున్నాడు. ఆయన కోరిక ఒక్కటే, తను రాసింది పేపర్లో రావాలి. తెనాలిలో ఉన్న ఒక పేపర్ విలేకరికి ఆయన ఇప్పటికి ఎన్ని ఉత్తరాలు ఇచ్చాడో లెక్కలేదు. ఏ ఉత్తరమూ మూడు పేజీలకి తగ్గదు, రాడార్ బ్యాండ్‌ల దగ్గర్నుంచి మొదలవుతుంది. ఒక్కటీ రాలేదు. "వాళ్ళకి సబ్జెక్ట్ తెలీదురా" అంటాడు. నాకు మాత్రం అసలు సంగతి వేరే అనిపిస్తుంది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు మావయ్యకి సమాచారం ఎక్కణ్ణించి వస్తుందో చూద్దాం. రహస్యమేం కాదు. మిస్సైల్ వదిలే ముందు ఆ దారిలోకి విమానాలు రాకుండా నోటమ్ అనే నోటీసు ఇస్తారు. అది పబ్లిక్. బి అనే వరసలో మొదలయ్యే టైము, సి లో ముగిసే టైము, ఈ లో విషయం, ఎఫ్, జి లలో ఎంత ఎత్తు నుంచి ఎంత ఎత్తు వరకు అన్నది ఉంటాయి. టైము పది అంకెల్లో ఉంటుంది. ఉదాహరణకి 2312120330 అంటే 2023 డిసెంబర్ 12, 03:30. ఇది యూటీసీ కాబట్టి అయిదున్నర గంటలు కలపాలి, మనకి ఉదయం 9 అన్నమాట.

చాలామంది బోల్తాపడేది అక్షాంశాల దగ్గర. 1550 అని ఉంటే అది 15.50 డిగ్రీలు కాదు, 15 డిగ్రీల 50 నిమిషాలు, అంటే 15.83. ఆ తేడాని మ్యాప్ మీద పెడితే దాదాపు 37 కిలోమీటర్లు! బాపట్ల ఎదురుగా ఉండాల్సిన మూల ఎక్కడో దక్షిణాన తేలుతుంది. ఈ లెక్క చేతితో ఎందుకని నేను చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసిచ్చాను. నోటీసు పేస్ట్ చేస్తే మ్యాప్ మీద గీతలు పడతాయి, టైము మన టైములోకి మారుతుంది.

ఇక్కడి వరకు అంతా గట్టి సమాచారమే. దీని తర్వాత మావయ్య చేసేది అంచనా. ఏరియా ఇంత పొడవుంది కాబట్టి ఇది ఫలానా మిస్సైల్, ఎత్తు ఇంత ఇచ్చారు కాబట్టి ఫలానా వెర్షన్. సరదా అంతా అందులోనే ఉందని ఒప్పుకుంటాను. కానీ నోటమ్‌లో మిస్సైల్ పేరు ఉండదు. ఒకే ఏరియాలో రెండు మూడు రకాలు వదలొచ్చు. నోటీసు ఇచ్చి రద్దు చేయొచ్చు, పొడిగించొచ్చు, అసలేమీ వదలకపోవచ్చు కూడా.

విలేకరి మావయ్యని ప్రతిసారీ అడిగింది ఒకే ప్రశ్న: "ఎవరు చెప్పారని రాయాలండీ?" మావయ్యకి అది అవమానంలా వినిపించింది. నాకు మాత్రం అది ఆ ఉద్యోగంలో ఉన్న అసలు ప్రశ్న అనిపించింది. మండలంలో ఉండే స్ట్రింగర్‌కి జీతం ఉండదు, అచ్చయిన వార్త పొడవుని బట్టి లైన్ అకౌంట్ వస్తుంది. ఆయన పంపింది జిల్లా డెస్క్‌కి వెళ్తుంది. అక్కడి సబ్ ఎడిటర్‌కి రక్షణ శాఖలో ఎవర్ని అడగాలో తెలీదు, అలాంటి వార్తలు హైదరాబాద్, ఢిల్లీ బ్యూరోలు చూస్తాయి. జిల్లా పేజీకి మాత్రం మన ఊళ్ళో ఎవరికి ఏమవుతుందో కావాలి. మూడు పేజీల రాడార్ వ్యాసం ఈ రెండు బల్లల్లో దేని మీదా ఆగదు.

అయితే ఆ ఉత్తరాల్లోనే జిల్లా పేజీకి పనికొచ్చే వార్త ఒకటి ఉంది, మావయ్య దాన్ని చివరి పేరాలో పడేసేవాడు. విమానాలకి నోటమ్ ఉన్నట్టే సముద్రంలో ఓడలకీ హెచ్చరికలు ఉంటాయి. మన వైపు సముద్రానికి వాటిని ఇచ్చేది డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్. అవి కూడా ఇంగ్లీషులో, డిగ్రీలూ నిమిషాల్లో ఉంటాయి. నిజాంపట్నం హార్బర్ నుంచి వేటకెళ్ళే మనిషికి కావాల్సింది ఏ రోజు, ఎన్ని గంటల నుంచి, ఏ ఒడ్డు ఎదురుగా, ఎంత దూరం అన్నది. ఒకరోజు వేట పోతే డీజిల్, ఐస్, మనుషుల కూలి అన్నీ లెక్కలోకి వస్తాయి. ముందే తెలిస్తే బోటు కట్టేసుకుని వలలైనా బాగుచేసుకుంటారు.

నేను చెప్పీ చెప్పీ, కిందటి సారి మావయ్య అయిదు వాక్యాలే రాశాడు. తేదీలు, మన టైము, నిజాంపట్నం నుంచి దూరం, నోటీసు నంబరు. మిస్సైల్ పేరు రాయకుండా ఉండటం ఆయనకి ఉపవాసం చేసినంత కష్టమైంది. విలేకరి నోటీసు నంబరుతో డెస్క్‌ని ఒప్పించాడు, మత్స్యశాఖలో ఒక మాట అడిగాడు. లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. మావయ్య పేరు లేదు. ఆయన దాన్ని కత్తిరించి షాపులో మీటర్ బోర్డు పక్కన అంటించాడు, పేరు లేదని ఇప్పటికీ సణుగుతూనే ఉన్నాడు.

ఇందులో జాగ్రత్త పడాల్సిన గీత కూడా ఒకటుంది. నోటీసు చదవడం వేరు, కంచె పక్కన నిలబడి ఫొటో తీయడం వేరు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లో ఉంది. దేశ భద్రతకి హాని చేసే ఉద్దేశంతో నిషేధిత స్థలాల దగ్గర తిరిగినా, స్కెచ్ గీసినా, అది రక్షణ పనులకి సంబంధించిందైతే శిక్ష పద్నాలుగేళ్ళ దాకా ఉంటుంది. మన ఉద్దేశం మంచిదే అనుకోండి, అది నిరూపించుకునే ఓపిక మనకి ఉండాలిగా. ఇక 2025 ఏప్రిల్ 26న కేంద్ర సమాచార ప్రసార శాఖ ఇచ్చిన సూచన అయితే, రక్షణ ఆపరేషన్లు, బలగాల కదలికల మీద లైవ్ కవరేజీ వద్దని, "సోర్సుల" పేరుతో రాయొద్దని చెప్పింది. డెస్క్ మరింత భయపడటంలో వింతేముంది?

ఈ పని ముందు ముందు పెరుగుతుంది. పెనుమూడి–పులిగడ్డ వారధి దాటితే అవనిగడ్డ, అక్కణ్ణించి నాగాయలంక. అక్కడ సుమారు 1,460 కోట్లతో మిస్సైల్ టెస్ట్ రేంజ్‌కి 2025 మే 2న ప్రధాని శంకుస్థాపన చేశారు. లాంచ్ కంట్రోల్ సెంటర్, రాడార్లు, టెలిమెట్రీ అన్నీ వస్తాయి. అప్పుడు కృష్ణకి రెండు వైపులా వేటకెళ్ళే ఊళ్ళకి ఈ నోటీసులు మామూలైపోతాయి. నా స్క్రిప్ట్ ఇప్పటికి ఇంగ్లీషులోనే అవుట్‌పుట్ ఇస్తోంది. తెలుగులో, "నిజాంపట్నం నుంచి ఇన్ని కిలోమీటర్లు" అని ఇచ్చేలా మార్చాలి. ఈ సెమ్ పరీక్షలయ్యాక కూర్చుందాం అనుకుంటున్నా, చేతులు కలిపేవాళ్ళుంటే క్లబ్ రూముకి రండి.