ఎవరికీ కనబడని పని

రెండవ రాజుల గ్రంథము 12వ అధ్యాయంలో ఒక మరమ్మతు పని వృత్తాంతమున్నది. సొలొమోను కట్టించిన మందిరం కాలక్రమేణ శిథిలమైంది. బాగుచేయించమని యోవాషు రాజు యాజకులకు చెప్పాడు. ఆయన ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా ఆ పని జరగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రం చేసి బలిపీఠం దగ్గర ఉంచాడు. అందులో పడిన డబ్బును పని చేయించేవారి చేతికిస్తే, వారు వడ్రంగులకు, కాసెపనివారికి, రాళ్లు చెక్కేవారికి చెల్లించారు. వారు నమ్మకస్థులు గనుక వారిని ఎవరూ లెక్క అడగలేదు.

మందిరం కట్టిన సొలొమోను పేరు సండేస్కూలు పిల్లలకు కూడ తెలుసు. దానిని బాగుచేసిన పనివారి పేర్లు ఆ అధ్యాయంలో లేవు. ఫ్యాక్టరీలలో మెయింటెనెన్సు పని చేసే మా వంటివారికి ఈ అధ్యాయం ఎంతో ప్రియమైనది.

మా పని ఏమిటి?

మిషను నడిపి సరుకు తీసేవారు ఆపరేటర్లు. ఆ మిషను ఆగకుండా చూసేవారం మేము. మాలో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, మీటర్లు చూసే ఇన్‌స్ట్రుమెంటు మెకానిక్కులు ఉన్నారు. మాలో చాలామంది పదవ తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో రెండేళ్లు నేర్చుకొని, అప్రెంటిస్ చేసి వచ్చినవారే. ఇంజనీరింగు సీటు రాక కుమారుణ్ణి ఐ.టి.ఐ.లో చేర్చామని కొందరు తల్లిదండ్రులు తలవంచుకొని చెబుతుంటారు. తలవంచుకోనక్కరలేదు. మన ప్రభువును నజరేతువారు వడ్రంగి అనే ఎరుగుదురు.

చెడిన పంపును బాగుచేయడం మా పనిలో ఒక భాగమే. చెడకముందే కనిపెట్టడం అసలు విద్య. బేరింగు పాడవబోయే ముందు దాని శబ్దం మారుతుంది, వేడెక్కుతుంది, అదురు పెరుగుతుంది. పాత ఫిట్టర్లు స్క్రూడ్రైవరు మొనను బేరింగు గూటికి, పిడిని చెవికి ఆనించి వినేవారు. ఇప్పుడు అదురు కొలిచే పరికరాలున్నాయి. గ్రీజు తక్కువైతే బేరింగు అరుగుతుంది, ఎక్కువ కూరినా వేడెక్కుతుంది. కొత్త బేరింగును సుత్తితో కొట్టి ఎక్కించరాదు. సుమారు 110 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే అది కొద్దిగా వ్యాకోచించి షాఫ్టు మీద చక్కగా కూర్చుంటుంది. పంపు షాఫ్టు, మోటారు షాఫ్టు ఒకే వరుసలో లేకపోతే, తేడా వెంట్రుకవాసి అయినా సరే, కొత్త బేరింగు కూడ త్వరలోనే పోతుంది.

జేబులోని తాళంచెవి

నడిచే మిషనుకు అందరూ భయపడతారు. మేము ఆగిన మిషనుకు కూడ భయపడతాము. లోపల ఒకరు చేయి పెట్టి ఉండగా, తెలియక మరొకరు స్విచ్చి వేస్తే ఏమవుతుంది? అందుకే ముందు పర్మిటు రాయించాలి. కరెంటు తీసిన స్విచ్చికి ప్రతి పనివాడు తన సొంత తాళం వేసి, తన పేరున్న ట్యాగు కట్టాలి. నలుగురు పనిచేస్తే నాలుగు తాళాలు. ఎవరి చెవి వారి జేబులోనే ఉండాలి. తర్వాత స్టార్టు బటన్ నొక్కి, మిషను కదలడం లేదని రూఢి చేసుకోవాలి. పైపులోని ప్రెషరు వదిలేయాలి.

ట్యాంకులోకి దిగేముందు గాలిని పరీక్షించాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 శాతానికి తగ్గితే దిగరాదు. బయట ఒకరు కనిపెట్టుకొని ఉండాలి. లోపలివాడు పడిపోతే ఆ మనిషి తాను దూకకూడదు, సహాయం పిలవాలి. ప్రేమతో దూకినవారే రెండవ శవమైన సంగతులు మా రంగంలో అందరికీ తెలుసు.

కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది. ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి వస్తుంది. మా తాళాలు, ట్యాగులు మాకు ఆ పిట్టగోడలే.

మరమ్మతు వాయిదా పడితే

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడింది. ఆ ట్యాంకును చల్లబరచే యంత్రాన్ని అప్పటికే ఆపివేశారు. వాయువును కాల్చివేయవలసిన గొట్టపు స్తంభం ఒక పైపు ముక్క మార్చవలసి ఉండి పనిచేయడం లేదు. వేలాదిమంది చనిపోయారు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి లేచింది, 12 మంది మరణించారు. ట్యాంకును చల్లగా ఉంచడంలోను, దాని వేడిని సరిగా కొలవడంలోను లోపాలున్నట్లు ప్రభుత్వ కమిటీ తేల్చింది.

అందుచేత మా చేతిలోని చెక్‌లిస్టు చిన్న కాగితం కాదు. "మిషను త్వరగా ఇవ్వండి, ఉత్పత్తి ఆగిపోతోంది" అని తొందర ఎప్పుడూ ఉంటుంది. చూడకుండానే టిక్కు పెట్టడం సులువు. రాత్రి రెండు గంటలకు చూసేవారెవరూ ఉండరు. కాని చూడనిదానిని చూశానని సంతకం చేస్తే అది అబద్ధసాక్ష్యమే. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము కూడదన్న ఆజ్ఞ కోర్టుకే పరిమితం కాదు. ఆ సంతకాన్ని నమ్మి లోపలికి వెళ్లేవాడు మన పొరుగువాడే. "ఈ పరిస్థితిలో సంతకం చేయలేనండీ" అని పై అధికారితో మర్యాదగా అనడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం కోసం ప్రార్థించడం మాకు అలవాటు.

ఇంటివారికి, సంఘానికి

నైటుషిఫ్టు చేసి వచ్చినవారికి పగలే రాత్రి. ఆ వేళ పిల్లలను నెమ్మదిగా ఆడుకోమని చెప్పే ఇల్లాలు కూడ ఆ ఫ్యాక్టరీని కాపాడుతున్నట్లే. నిద్రలేని చేయి తప్పు నట్టు విప్పుతుంది. పండుగనాడు బ్రేక్‌డౌను అని ఫోను వస్తే వెళ్లక తప్పదు. అన్నం మధ్యలో లేచిన భర్తను ఆమె సణుగుకోకుండా సాగనంపితే అదెంతో మేలు.

సంఘ పెద్దలకు ఒక మనవి. నెలలో రెండు ఆదివారాలు ఆరాధనకు రాని సహోదరుణ్ణి "ఏమయ్యా, దేవుణ్ణి మరచిపోయావా?" అని అడగకండి. వీలైతే షిఫ్టు చూసుకొని ఒక సాయంత్రం ఆయన ఇంట ప్రార్థన పెట్టండి. ప్రయాణికుల కోసం, రోగుల కోసం ప్రార్థించేటప్పుడు ఈ రాత్రి డ్యూటీలో ఉన్నవారిని కూడ జ్ఞాపకం చేసుకోండి. ఏ ప్రమాదమూ జరగని రాత్రి గురించి పత్రికలు రాయవు. ఆ రాత్రి కోసం మెలకువగా ఉన్నవారిని దేవుడు ఎరుగును.