కొల్లేటి నీళ్లలో హైబ్రిడ్ బండి

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడను ముంచిన సంగతి అందరికీ తెలుసు. ఆ నీళ్లు అక్కడితో ఆగవని కొల్లేటి వాళ్లకు ఇంకా బాగా తెలుసు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చే వరదంతా చివరికి కొల్లేరు సరస్సులోకే దిగాలి. అక్కణ్నుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే నీరు ఎక్కువ, పోయే దారి ఇరుకు. అందుకే విజయవాడ తేరుకుంటున్న రోజుల్లో ఏలూరు–కైకలూరు రోడ్డు మీద నీళ్లు పారాయి, రాకపోకలు ఆగిపోయాయి.

ఇదే ప్రాంతంలో, చేపల చెరువులూ రొయ్యల చెరువులూ చేసే రైతుల ఇళ్ల ముందు పెద్ద ఎస్‌యూవీలు కనిపిస్తాయి. అవి ఊరికే హోదా కోసం కొన్నవి కావు. వాన పడ్డాక చెరువు గట్టు మీదికి వెళ్లడానికి చిన్న కారు పనికిరాదు. ఇప్పుడీ పెద్ద బండ్లు ఒక్కొక్కటిగా హైబ్రిడ్ అవుతున్నాయి. షోరూమ్‌లో మాటలన్నీ మైలేజి, సీట్లు, సన్‌రూఫ్ చుట్టూ తిరుగుతాయి. ఈ నేల మీద బండి నడిపేవాళ్లు ముందు అడగాల్సింది వేరే ఉందని నా అభిప్రాయం. బ్యాటరీ, మోటారు ఎక్కడ అమర్చారు? అవి నీళ్లకు, బురదకు తట్టుకుంటాయా? ఒకవేళ ఆగిపోతే మిగతా బండి మనల్ని ఇంటికి చేరుస్తుందా?

హైబ్రిడ్ అనే మాట కింద మూడు వేరువేరు యంత్రాలు అమ్ముతున్నారు. మొదటిది మైల్డ్ హైబ్రిడ్. టొయోటా 2025 జూన్‌లో మన దేశంలో తెచ్చిన ఫార్చ్యూనర్ నియో డ్రైవ్ ఈ రకం. 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్ పాతదే. దానికి బెల్టుతో తిరిగే చిన్న మోటారు, 48 వోల్టుల బ్యాటరీ తోడయ్యాయి. ఆ మోటారు ఇచ్చేది దాదాపు 16 హార్స్‌పవర్. బండి కదిలేటప్పుడు ఓ చెయ్యి వేస్తుంది, ఆగినప్పుడు ఇంజిన్ ఆపి మళ్లీ కుదుపు లేకుండా లేపుతుంది, అంతే. రెండోది స్ట్రాంగ్ హైబ్రిడ్. 2022 నవంబరులో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ లాంటిది. ఇందులో ఇంజిన్‌నూ మోటార్లనూ ప్లానెటరీ గేరు కలుపుతుంది, కాసేపు ఇంజిన్ లేకుండానే బండి నడుస్తుంది. కానీ హైక్రాస్‌కు ముందు చక్రాలే తిరుగుతాయి కాబట్టి గట్టు పని దానిది కాదు. మూడోది ప్లగ్-ఇన్: ఇంట్లో చార్జింగ్ పెట్టుకునేది. ల్యాండ్ రోవర్ డిఫెండర్ పి400ఇ అందుకు మంచి ఉదాహరణ. 2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, 105 కిలోవాట్ల మోటారు, 19.2 యూనిట్లు పట్టే బ్యాటరీ. కంపెనీ లెక్కలో చార్జింగ్ మీద 43 కిలోమీటర్లు వస్తుంది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాదాపు 50 కిలోమీటర్లు. అంటే గూడెం చేరకముందే ఆ చార్జింగ్ అయిపోతుంది. అక్కణ్నుంచి రెండున్నర టన్నుల బండిని ప్రధానంగా ఆ 2 లీటర్ల ఇంజిన్ లాగాలి.

మైలేజి సంగతి లెక్క వేసి చూద్దాం. మనుషులతో కలిపి 2,500 కిలోలున్న బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దాని చలనశక్తి దాదాపు 350 కిలోజౌళ్లు, అంటే 0.1 యూనిట్ కరెంటు. మామూలు బండిలో బ్రేకు వేస్తే ఇదంతా డిస్కుల్లో వేడిగా పోతుంది. హైబ్రిడ్‌లో మోటారు జనరేటరుగా మారి కొంత వెనక్కి తీసుకుంటుంది. ఎనిమిది సెకన్లలో ఆగామనుకుంటే సగటున 43 కిలోవాట్ల చొప్పున శక్తి వస్తుంది. మైల్డ్ హైబ్రిడ్ మోటారు పుచ్చుకోగలిగేది మహా అయితే 12 కిలోవాట్లు, కాబట్టి మూడొంతులు వేడిగా పోయినట్టే. పెద్ద మోటారున్న బండి మూడింట రెండు వంతుల దాకా తిరిగి రాబట్టినా, ఒక్కో బ్రేకుకు మిగిలేది 20 మిల్లీలీటర్ల ఇంధనం. ఏలూరు బజార్లో, పల్లెల్లో స్పీడ్ బ్రేకర్లు, గేదెలు, వడ్ల ట్రాక్టర్ల మధ్య రోజంతా తిరిగితే ఈ చుక్కలన్నీ కూడి పెద్ద మొత్తమే అవుతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద వంద వేగంతో బ్రేకు తొక్కకుండా వెళ్లేవాడికి తిరిగొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అక్కడ ఇంధనం తాగేది గాలి. ఎత్తుగా, పెట్టెలా ఉన్న బండికి అది మరీ ఎక్కువ, ఏ బ్యాటరీ దాన్ని తగ్గించలేదు.

ఇక నీళ్ల సంగతికి వద్దాం.

డీజిల్ ఇంజిన్ గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే డీజిల్‌ను మండిస్తుంది. ఫార్చ్యూనర్ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లు, ఒక్కోదాని పరిమాణం 689 ఘన సెంటీమీటర్లు, కంప్రెషన్ నిష్పత్తి 15.6. పిస్టన్ పైకి వచ్చేసరికి గాలికి మిగిలే చోటు 47 ఘన సెంటీమీటర్లు. ఇక్కడి టీ కొట్లో ఇచ్చే చిన్న గ్లాసెడు కూడా కాదు. గాలి నొక్కితే తగ్గుతుంది, నీరు తగ్గదు. అంతకు మించి నీళ్లు ఒక సిలిండర్లోకి పోతే పైకొచ్చే పిస్టన్‌కు దారి ఉండదు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఒక్కోసారి విరిగి ఇంజిన్ బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది. బండి ఎంత లోతు నీళ్లలో దిగగలదో కంపెనీ చెప్పే అంకెను ముందుగా తేల్చేది ఇంజిన్ గాలి పీల్చే గొట్టం మూతి ఎంత ఎత్తులో ఉందన్నదే. బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టరు డబ్బా నుంచి ఆ గొట్టాన్ని వేలితో పట్టుకుని వెళ్తే అది హెడ్‌లైటు వెనకో, మడ్‌గార్డు లోపలో తేలుతుంది. బండి కొనేముందు ఆ మూతిని కళ్లతో చూడటం మంచిది.

లోతును ముందుగా తేల్చేది గాలి గొట్టమే అనడానికి మెర్సిడెస్ జి 580 సాక్ష్యం. 2025 జనవరిలో మన దేశానికి వచ్చిన ఆ పూర్తి విద్యుత్ బండికి చక్రానికో మోటారు ఉంది. గాలి పీల్చే పని లేదు. డీజిల్, పెట్రోలు జి-క్లాస్ 700 మిల్లీమీటర్ల లోతు దాకా దిగితే ఇది 850 దాకా దిగుతుంది.

హైబ్రిడ్‌లో చిక్కేమిటంటే దానికి రెండు బలహీనతలూ ఉంటాయి: గాలి గొట్టం ఒకటి, నేలకు దగ్గరగా ఉండే బ్యాటరీ ఒకటి. ఈ చిక్కును లెక్సస్ పట్టించుకున్న తీరు నాకు బాగా నచ్చింది. 2024 అక్టోబరులో ప్రకటించిన ఎల్‌ఎక్స్ 700హెచ్‌లో 3.4 లీటర్ల వి6 ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య మోటారు పెట్టారు. బ్యాటరీని నీళ్లు చొరబడని ట్రేలో కూర్చోబెట్టారు. 700 మిల్లీమీటర్ల లోతు సామర్థ్యం హైబ్రిడ్ కాని ఎల్‌ఎక్స్‌కు ఎంతో దీనికీ అంతే. అంతకన్నా ముఖ్యమైన మాట: మామూలుగా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో అక్కర్లేదని తీసేసే పాత రకం ఆల్టర్నేటరు, స్టార్టరు మోటారు ఇందులో ఉంచేశారు. హైబ్రిడ్ భాగం పూర్తిగా మొరాయించినా ఇంజిన్ ఒక్కదానితో బండి వచ్చేస్తుంది. ఆతపాక అవతల కొల్లేటి లంక గ్రామంలో చీకటి పడ్డాక బండి ఆగితే ఈ రెండు పాత వస్తువుల విలువ తెలుస్తుంది. తోలు సీట్ల కంటే, ఇరవై స్పీకర్ల కంటే నేను దీన్నే విలాసం అంటాను.

నీళ్లలో దిగితే షాకు కొడుతుందా అని చాలామందికి భయం. హైబ్రిడ్ పెద్ద బ్యాటరీ తీగలు రెండూ బండి ఇనుముతో కలవవు, విడిగా ఉంటాయి. ఆ రెంటికీ ఇనుముకూ మధ్య ఇన్సులేషన్ ఎంత ఉందో కంప్యూటరు కనిపెట్టుకుని ఉంటుంది. లోపం దొరికితే హెచ్చరిస్తుంది, అవసరమైతే బ్యాటరీని విడదీస్తుంది. 48 వోల్టుల రకంలో ఆ బెడదే లేదు. 60 వోల్టుల లోపు డీసీ కరెంటును భద్రమైనదిగానే లెక్కిస్తారు. బ్యాటరీకి ఐపీ67 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి హాని చేసేంత నీరు పోదని అర్థం. కానీ ఆ పరీక్ష మంచినీళ్లతో చేస్తారు. ఎండాకాలంలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు కొల్లేటి వైపు ఎగదన్నుతుంది, రొయ్యల చెరువుల్లో ఉప్పు ఉండనే ఉంది. ఉప్పునీళ్లు కనెక్టర్ల దగ్గర ఒకసారి చేరితే రాగిని నెమ్మదిగా తినేస్తాయి. గట్ల మీద తిరిగిన బండిని పైన తుడవడం కాదు, కింద మంచినీళ్లతో కడిగించాలి. ప్రెషర్ పంపును మాత్రం పెద్ద బ్యాటరీ నుంచి వచ్చే నారింజ రంగు తీగల మీదికి పెట్టకూడదు.

700, 900 అని బ్రోషర్లో వేసే అంకెలు నిలకడ నీటికి, గట్టి నేలకు, నడక వేగానికి. మన దగ్గర రోడ్డు మీదికి వచ్చే నీరు నిలబడదు, అడ్డంగా పారుతుంది. తమ్మిలేరు వరదైనా, తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ పొంగినా అంతే. పెద్ద ఎస్‌యూవీ అడుగు భాగం సుమారు 8 చదరపు మీటర్లు. ఆ అడుగు భాగం దాటి నీరు ప్రతి 10 సెంటీమీటర్లు పెరిగినప్పుడల్లా బండిని 800 కిలోల బలంతో పైకి ఎత్తుతుంది. తలుపుల రబ్బర్లు బిగుతుగా ఉన్న కొత్త ఖరీదైన బండిలోకి నీరు త్వరగా రాదు కాబట్టి అది ఇంకా తొందరగా తేలుతుంది. టైరు మీద బరువు లేకపోతే పట్టు లేదు. అప్పుడు నాలుగు చక్రాలు తిరిగినా, ఎన్ని వందల హార్స్‌పవర్ ఉన్నా బండి పక్కకు కొట్టుకుపోతుంది. మోకాలి లోతు పారే నీటిలోకి ఏ బండినీ దించకూడదు.

బురదలో మాత్రం మోటారు నిజంగా పనికొస్తుంది. ఇంజిన్‌కు బలం రావాలంటే కొంత వేగంగా తిరగాలి, మోటారు సున్నా నుంచే పూర్తి బలం ఇస్తుంది. చక్రం జారిన క్షణంలోనే దాన్ని తగ్గించొచ్చు, పెంచొచ్చు. వాన పడిన చెరువు గట్టు మీద, చేపల లారీలు వేసిన గాడుల్లో, నల్లమట్టి టైరు గాడుల్లో నిండి టైరు నున్నగా అయిపోయినప్పుడు ఈ తేడా చేతికి తెలుస్తుంది. కానీ ప్లగ్-ఇన్ బ్యాటరీ బరువు అదే గట్టులోకి బండిని ఇంకా దించుతుంది. బుట్టాయగూడెం దాటి గుబ్బల మంగమ్మ గుడికి వెళ్లే దారిలో, వాగులూ రాళ్లూ ఉన్నచోట, లో రేంజ్ గేరు, వెనక డిఫరెన్షియల్ లాకు చేసే పని మరేదీ చేయదు.

వేరియంటు ఎంచుకునేటప్పుడు ఇక్కడే పొరపడతారు. ఫార్చ్యూనర్ 4×2, 4×4 పైకి ఒకేలా ఉంటాయి. గట్టు మీద రెండూ ఒకటి కావు. పైగా చాలా బండ్లలో టాప్ మోడల్‌కు వెళ్లేకొద్దీ చక్రం పెద్దదై, టైరు గోడ పలచబడుతుంది. 265/60 ఆర్18 టైరు గోడ ఎత్తు 159 మిల్లీమీటర్లు, 275/45 ఆర్22ది 124. బురదలో గాలి తగ్గించి టైరును పరుచుకునేలా చేయాలంటే ఆ ఎత్తే కావాలి. కాబట్టి డబ్బు ఎక్కువ పెట్టి తక్కువ పనికొచ్చే చక్రం కొనొద్దు. ధర విషయంలోనూ ప్రభుత్వ పన్ను హైబ్రిడ్ వైపు లేదు: 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీకి, హైబ్రిడ్ అయినా సరే, జీఎస్‌టీ 40 శాతం, పూర్తి విద్యుత్ కారుకు 5.

నీళ్లలో బండి ఆగిపోతే స్టార్ట్ బటన్ ముట్టుకోవద్దు. ఈ మాట పాతదే, హైబ్రిడ్‌లో మరింత గట్టిగా చెప్పాలి. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో డ్యాష్‌బోర్డు మీద రెడీ దీపం వెలుగుతున్నంతసేపూ, బ్యాటరీ తగ్గిందనుకుంటే కంప్యూటరు తనంతట తానే ఇంజిన్‌ను తిప్పుతుంది. మీరేమీ చేయకపోయినా రాడ్ వంగవచ్చు. అందుకే పవర్ పూర్తిగా ఆపి, దీపం ఆరిందని చూసి దిగాలి. నీళ్లు పోయిన ఇంజిన్‌ను తిప్పడం వల్ల జరిగిన నష్టాన్ని మామూలు ఇన్సూరెన్సు పాలసీ భరించదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు తీసుకుని ఉండాలి. కొత్త బండి కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడే అందులో అది ఉందో లేదో, హైబ్రిడ్ బ్యాటరీకీ వర్తిస్తుందో లేదో చదివి చూసుకోండి.